బోయాకి కట్టిన వలసంచి

డిటెక్టివ్ ఐడాలియా ఫిగరోలా స్టేషన్ గదిలో చేతిరుమాలు విప్పి, అందులో చుట్టి తెచ్చిన గాలపు కొక్కేన్ని బల్ల మీద పెట్టింది. అరచేయంత కొక్కెం. కొన లోపలికి గుండ్రంగా తిరిగి ఉంది. ముల్లు ఉండాల్సిన చోట ఆకురాయితో అరగదీసి నున్నగా చేశారు.

ఎదురుగా కూర్చున్న ఓడెల్ మాబ్రీ దాన్ని ఒక్క క్షణం చూసి మొహం గోడవైపు తిప్పుకున్నాడు. యాభై ఎనిమిదేళ్ళ మనిషి. హెరాన్ పాయింట్‌లో స్కూలు బస్సు నడుపుతాడు. సెలవు దొరికితే చాలు, తీరాన నిలబడి సొరచేపల్ని పట్టి వదిలేస్తాడు. నిన్న పొద్దుటి నుంచి ఊరంతా అతని పేరు నోట్లో వేసుకుని నములుతోంది.

"ఇదెవరిది ఓడెల్ గారూ?"

"గాలాల కొట్లో అడగండమ్మా. అక్కడ డబ్బాలకి డబ్బాలు పడుంటాయి."

"డబ్బాల్లో ఉన్నవాటికి ముల్లుంటుంది. ముల్లు అరగదీసే పిచ్చోడు ఈ తీరంలో ఒక్కడేనని మీ జట్టువాళ్ళే నవ్వుకుంటారు. చేపకి నొప్పి తెలియకూడదట, అదేదో పెళ్ళికూతురికి గాజులు తొడుగుతున్నట్టు."

ఓడెల్ నవ్వలేదు. మామూలుగా అయితే ఆ వేళాకోళానికి ముందు అతనే నవ్వేవాడు. ఆ సంగతి ఐడాలియాకి తెలుసు. ఆమె కొడుకు మూడేళ్ళు అతని బస్సులోనే బడికి వెళ్ళాడు.

జరిగింది ఇదీ. నిన్న సూర్యుడు పైకొస్తున్న వేళ, ఊరి బీచిలో ఈత హద్దుకి గుర్తుగా తేలే ఉత్తరపు బోయా దగ్గర కారిన్ లిండ్‌క్విస్ట్ అనే ఆవిడని సొరచేప కరిచింది. ఊళ్ళో సగంమందికి ఈత నేర్పిన మనిషి, అందరూ కోచ్ అనే పిలుస్తారు. ప్రాణం దక్కింది గానీ కుడిచెయ్యి మణికట్టు దాకా తీసేయాల్సివచ్చింది. కాపలావాళ్ళు వెళ్ళి చూస్తే ఆ బోయాకి ఒక వలసంచి కట్టి ఉంది. దాన్నిండా చేప తలకాయలు, నలగ్గొట్టిన చేపల ముద్ద. సొరల్ని రప్పించడానికి ఎవరో కావాలని కట్టిన ఎర అది.

ఊరి బీచిలో సొరల వేట కూడదని ఊరి పెద్దలు కిందటేడే కట్టడి చేశారు. సరిహద్దు గుంజ దాటితే కౌంటీ తీరం, అక్కడ అనుమతి ఉన్నవాళ్ళు పట్టుకోవచ్చు. అక్కడా షరతులున్నాయి. తీరం నుంచి నీళ్ళలో ఎరముద్ద చల్లకూడదు. కాపాడాల్సిన జాతి పడితే నీళ్ళలోంచి బయటికి లాగకూడదు, ఆలస్యం చేయకుండా వదిలెయ్యాలి. జూన్‌లో ఓడెల్ గుంజకి ఇవతల నిలబడ్డాడని బీచి కాపలాదారుల అధికారి బ్రైస్ హాల్డెమన్ జరిమానా రాశాడు. ఆ కోపంలో ఓడెల్ ఊరి సభలో లేచి, "ఏదో ఒకరోజు ఆ సొరలే మీకు బుద్ధి చెప్తాయి" అన్నాడు. ఆ ఒక్కమాటే ఇప్పుడు మెడకి చుట్టుకుంది. ఈ సాయంత్రం మళ్ళీ సభ ఉంది. అప్పటికల్లా ఓడెల్ చేతికి బేడీలు వేయాలని బ్రైస్ పట్టు. నేరం మోపారంటే ఇక ఓడెల్‌ని స్కూలు బస్సు మెట్టు కూడా ఎక్కనివ్వరు, జైలు సంగతి తర్వాత.

"నిన్న తెల్లవారుజామున ఇంట్లో పడుకున్నానన్నారు. మీ పొరుగావిడ కుక్కని తిప్పడానికి బయటికొచ్చినప్పుడు మీ ట్రక్కు లేదట," అంది ఐడాలియా.

"ఆవిడకి కళ్ళు సరిగ్గా ఆనవు."

"మీ అరచేతుల్లో ఆ గాట్లేమిటి?"

"కంచె బాగుచేస్తుంటే తీగ గీసుకుంది."

"ఓడెల్ గారూ, మీరు అబద్ధం ఆడటం నేర్చుకోలేదు. ఇప్పుడు మొదలుపెట్టకండి, చూడలేకపోతున్నాను."

అతను నీళ్ళసీసా మూత తిప్పుతూ ఉండిపోయాడు. ఐడాలియా గొంతు తగ్గించింది.

"ఈ కొక్కెం ఎక్కడ దొరికిందో చెప్తాను. ఉత్తరాన కౌంటీ తీరంలో, ఇక్కడికి ఆరుమైళ్ళ దూరంలో, పొద్దున్నే ఒక సుత్తితల సొర ఒడ్డుకి కొట్టుకొచ్చింది. పదకొండు అడుగులు. ఇది దాని దవడలో ఉంది. తీగని కొక్కెం దగ్గరికంటా కత్తిరించారు, పద్ధతి తెలిసినవాడి పని. చూసిన శాస్త్రవేత్త అది చచ్చి ఒక రోజయిందన్నాడు. ఇంకోమాట కూడా అన్నాడు. దాని కడుపులో పిల్లలున్నాయట."

సీసా మూత ఓడెల్ చేతిలోంచి జారి కిందపడింది. రెండు చేతులతో మొహం కప్పుకున్నాడు. అంత పెద్ద మనిషి భుజాలు కుదుపుతూ ఏడుస్తుంటే ఐడాలియా వంగి, కిందపడిన మూత తీసి బల్ల మీద పెట్టింది.

"నేను పట్టడానికి అనుమతి ఉన్న బ్లాక్‌టిప్ సొరల కోసం గాలం వేశానమ్మా," అన్నాడు చివరికి. "చీకట్లో అది పట్టింది. మొదటి లాగుడుకే తెలిసిపోయింది నాకు, ఇది సుత్తితల అని. అప్పుడే తీగ తెంచెయ్యాలి. తెంచలేదు. కొక్కెం తీసి పంపిద్దాం, బరువు మోస్తూ తిరగడమెందుకు అనుకున్నాను. అవి అట్లాంటివి కావు. మిగతా సొరలు అలిసిపోతే ఆగుతాయి. ఇది ప్రాణం పోయేదాకా కొట్టుకుంటుంది."

"తర్వాత?"

"తీగ కోసేసి, మొప్పల్లో నీళ్ళు పారేలా, ఛాతీలోతు నీళ్ళలో దాని ముక్కు ప్రవాహానికి ఎదురు పెట్టి నడిపించాను. మేం అట్లాగే నడిపిస్తాం, దానంతటది తోక ఆడించేదాకా. పొద్దెక్కిందాకా నడిపించాను. రెండుసార్లు కదిలింది. మూడోసారి బరువుగా కిందికి జారిపోయింది."

"కోచ్‌ని కరిచిన వేళకి మీరు ఆరుమైళ్ళ అవతల నీళ్ళలో ఉన్నారన్నమాట. ఇది నిన్నే చెప్తే మిమ్మల్ని ఇక్కడ కూర్చోబెట్టేదాన్నా?"

"చెప్పి ఏం చెయ్యను? కాపాడాల్సిన జాతిని చంపానని ఒప్పుకోనా? ఈ సాయంత్రం సభలో దాని ఫోటో చూపించి కౌంటీ తీరం కూడా మూయించేస్తారు. నావల్ల మిగతావాళ్ళ అనుమతులన్నీ పోతాయి. పైగా బుద్ధి చెప్తాయన్న నోటితో దీన్నీ ఎట్లా చెప్పుకోను? నాకు సిగ్గేసింది."

ఐడాలియా కొక్కేన్ని మళ్ళీ రుమాల్లో చుట్టింది. ఆమె అతని మాట నమ్మింది. బ్రైస్ నమ్మడు. రాత్రే సంచి కట్టేసి తర్వాత ఉత్తరానికి వెళ్ళాడంటాడు, ఆ మాట కాదనడానికి ఆమె దగ్గర ఏమీ లేదు. సంచి కట్టిన చెయ్యి ఎవరిదో తేలితే తప్ప ఓడెల్ బయటపడడు.

"ఒకటి చెప్పండి. మీరు ఎరముద్ద వాడరా? ఎప్పుడూ?"

"వాడితే జెల్ల చేపలు మూగుతాయమ్మా. జెల్లలు, పీతలు, చిన్నాచితకా అంతా చేరి అసలు ఎరని పీక్కుతింటాయి. ఒడ్డున నిలబడి సొరల్ని పట్టేవాడెవడూ ఆ పని చెయ్యడు. ఒక్క ఎరని కయాక్ పడవలో దూరంగా తీసుకెళ్ళి వదులుతాం, అంతే. రూల్ లేకపోయినా చెయ్యం."

* * *

కాపలాదారుల సామాన్ల గది బీచి పక్కనే, చెక్కల షెడ్డు. బ్రైస్ హాల్డెమన్ తలుపుకి ఆనుకుని గ్రూపర్ చేప శాండ్‌విచ్ తింటున్నాడు. పదేళ్ళ కిందట వాళ్ళిద్దరూ ఒకే కారులో గస్తీ తిరిగారు. అప్పట్లో ఎవరి కాఫీ ఎవరికైనా పనికొచ్చేది. ఇప్పుడు ఎదురుపడితే చాలు, రోషానికి రోషం.

"అరెస్టు కాగితం తెచ్చావా, ఉత్తచేతుల్తో వచ్చావా?" అన్నాడు.

"నీ శాండ్‌విచ్ తిను. నేను గది చూసి పోతాను."

"చూడ్డానికేముంది? సంచిని పొద్దున్నే ల్యాబుకి పంపించాను. సంచి కట్టిన తాడూ, వాడి బండిలో ఉన్న తాడూ ఒకటే."

"అదే తాడు నా గ్యారేజీలోనూ ఉంది బ్రైస్. నీ పడవకీ అదే కట్టావు, అదిగో."

బ్రైస్ వెనక్కి తిరిగి చూసి, చూసినందుకు తన మీద తనే విసుక్కున్నాడు.

"సొరల్ని పట్టేవాళ్ళు ఎరముద్ద వాడరు. జెల్లలు మూగుతాయి," అంది ఐడాలియా.

"వాడకపోతే వాడకూడదని రూల్ ఎందుకు పెట్టారు?"

"రూల్ రాసినవాడు ఎప్పుడూ గాలం పట్టలేదు గనక. నాకు అర్థమయింది ఏమిటంటే, ఆ సంచి కట్టిన మనిషి కూడా గాలం పట్టలేదు. సొరలవాళ్ళంటే ఎరముద్ద చల్లేవాళ్ళని కాగితం మీద చదివిన మనిషి."

"నీకు ఆ డ్రైవరంటే జాలి. జాలితో కేసులు తేలవు."

ఆమె షెడ్డులోకి అడుగుపెట్టి, గుమ్మంలోనే ఆగిపోయింది. కుళ్ళిన చేపల కంపు గుప్పుమని ముక్కుపుటాలకి తగిలింది.

"సంచి పొద్దున్నే వెళ్ళిపోయిందన్నావుగా?"

"అవును."

"మరి ఈ కంపు?"

"నిన్నంతా ఇక్కడే ఉంది కదా. పట్టేసింది."

ఐడాలియా సంచి పెట్టిన మూల దగ్గరికి వెళ్ళి వంగి చూసింది. సిమెంటు నేల బ్లీచింగుతో కడిగారు, అక్కడ బ్లీచింగు వాసనే వస్తోంది. ఆమె గోడవెంట నెమ్మదిగా నడిచింది. ఓడెల్ దగ్గర స్వాధీనం చేసుకున్న గాలాల దగ్గర ఉప్పు వాసన. అతని కయాక్ దగ్గరా అంతే. అటు చివర కొక్కేనికి నారింజరంగు ఈత బెలూను ఒకటి వేలాడుతోంది. సముద్రంలో దూరం ఈదేవాళ్ళు నడుముకి కట్టుకుని వెనక లాక్కుపోయే రకం. పడవలవాళ్ళకి కనపడటానికి అది, తాళాలూ తువ్వాలూ తడవకుండా పెట్టుకోవడానికి దాని పొట్టలో ఒక జేబు. ఆ జేబు దగ్గరికి వచ్చేసరికి కంపుకి ఆమె చేత్తో ముక్కు మూసుకుంది.

"ఇదెవరిది?"

"కోచ్‌ది. ఆవిణ్ణి పడవలోకి లాగినప్పుడు దీన్ని తెంపి పక్కన పడేశారు. వాళ్ళ చెల్లెలు వచ్చి తీసుకెళ్తానంది."

"ఎవరైనా తెరిచారా?"

"బాధితురాలి సామాను ఎందుకు తెరుస్తాం?"

ఐడాలియా చేతులకి తొడుగులు వేసుకుని, జేబు మూతి మడతలు ఒక్కొక్కటే విప్పింది. లోపల తువ్వాలు లేదు, తాళాలు లేవు. అడుగున ఎర్రటి నీళ్ళు, వాటిలో నాణేల్లా మెరుస్తున్న పొలుసులు, ఒక చేప మొప్ప. ఆమె జేబుని బ్రైస్ వైపు తిప్పి పట్టుకుంది.

బ్రైస్ శాండ్‌విచ్‌ని కిటికీలో పెట్టేశాడు.

"ఎవరో ఆవిడ బెలూనులో పెట్టారు," అన్నాడు.

"ఆవిడ నడుముకి కట్టుకున్నదాన్లోనా? నువ్వే చెప్పు, సొర సాధారణంగా ఈతగాడిని ఎక్కడ కరుస్తుంది?"

"కాలు. పిక్క."

"కోచ్‌కి పోయింది కుడిచెయ్యి. సంచి పట్టుకున్న చెయ్యి. ఓడెల్ బోయా దాకా పోవాలంటే కయాక్ కావాలి, నిన్న పొద్దున ఇసుకలో దాన్ని లాగిన జాడ లేదని నువ్వే రాశావు. ఆ వేళకి నీళ్ళలో ఉన్నది ఆవిడ ఒక్కతే."

బ్రైస్ అక్కడున్న ఐసుపెట్టె మీద కూలబడ్డాడు. మూడేళ్ళుగా కోచ్, అతనూ కలిసే సభలకి తిరిగారు. ఈతగాళ్ళ పక్కనే సొరల్ని పిలుస్తున్నారు, మాన్పించండి అని ఆవిడ మైకు పట్టుకుంటే, పక్కన కాగితాలు అందించింది ఇతనే.

"ఐడా," అన్నాడు. ఆ పేరుతో పిలిచి ఎన్నేళ్ళయిందో. "ఇది రేపు చూసుకుందాం. సభ అయిపోనీ. ఆవిడ నాకు ఎనిమిదేళ్ళప్పుడు ఈత నేర్పింది. నిన్న చెయ్యి తీసేశారు. ఇవాళ పోయి ముద్దాయివి నువ్వేనని చెప్తావా?"

"సభ అయ్యేలోగా నువ్వు ఓడెల్‌కి బేడీలు వేస్తావు."

"రేపు తీసేస్తాం."

"రేపు తీసేస్తే ఏ తల్లి తన పిల్లాణ్ణి అతని బస్సు ఎక్కిస్తుంది? కోచ్‌కి చెయ్యి పోయింది బ్రైస్, నాకూ బాధగానే ఉంది. అతనికి బతుకే పోతుంది."

బ్రైస్ లేచి గుమ్మంలోకి వెళ్ళి నిలబడ్డాడు. తనని అడ్డుకోవడానికేమో అనుకుంది ఐడాలియా. కాదు, పక్కకి జరిగి దారి ఇచ్చాడు.

"గట్టిగా మాట్లాడకు ఆవిడతో," అన్నాడు, ఆమె వైపు చూడకుండా.

* * *

ఆసుపత్రి గదిలో కారిన్ లిండ్‌క్విస్ట్ మెలకువగానే ఉంది. కుడిచెయ్యి దిండ్ల మీద, కట్లతో. అరవయ్యొక్కేళ్ళ మొహం ఒక్కరోజులో ముడుచుకుపోయింది. చెల్లెల్ని కాఫీకి పంపించి, ఐడాలియా మంచం పక్కన కుర్చీ లాక్కుంది.

"ఎలా ఉంది కోచ్?"

"లేని వేళ్ళు దురద పెడుతున్నాయి. నవ్వొస్తోంది." కారిన్ నవ్వలేదు. "ఆ బస్సు మనిషిని పట్టుకున్నారట కదా?"

"స్టేషన్లో ఉన్నాడు. ఇంకా కేసు పెట్టలేదు."

"పెడతారా?"

"మీరేమంటారు?"

కారిన్ కిటికీ వైపు తిరిగింది. "నేను చెప్పేదేముంది. సాక్ష్యం ఉంటే పెడతారు."

ఐడాలియా ఆ బెలూను సంగతి ఎత్తాలనుకుంది. కట్ల వైపు చూశాక నోరు రాలేదు. అందుకని ఓడెల్ సంగతి చెప్పింది. చీకట్లో సుత్తితల పట్టడం, అతను ఛాతీలోతు నీళ్ళలో దాన్ని నడిపించడం, అది జారిపోవడం, స్టేషన్లో మొహం కప్పుకుని ఏడవడం. కారిన్ వింటోందో లేదో తెలియలేదు. ఎడమచేత్తో దుప్పటి అంచుని మెలిపెడుతోంది, అంతే.

"నేను ఆ సొరలు పట్టేవాళ్ళని హంతకులన్నాను, సభలో," అంది కాసేపటికి. "అతను కూడా ఉన్నాడు ఆరోజు. వెనక వరసలో."

"ఓడెల్ చెప్పలేదు ఆ మాట."

"మూడేళ్ళు అరిచాను. రుజువేదీ అన్నారు ప్రతిసారీ. చిన్నపిల్లని చూసినట్టు నవ్వుతారు, తల ఊపుతారు, రుజువేదీ అంటారు." ఆవిడ మొహం ఐడాలియా వైపు తిప్పింది. "నువ్వు దేనికొచ్చావో నాకు తెలుసు ఐడాలియా. నా బెలూను తెరిచావు. అవునా?"

"తెరిచాను కోచ్."

కారిన్ కళ్ళు మూసుకుంది. ఇక మాట్లాడదేమో అనిపించింది. ఆవిడకి మాట్లాడకుండా ఉండే హక్కుంది, ఐడాలియా ఆ మాట చెప్పింది కూడా. బయట నడవలో ట్రాలీ చక్రాల చప్పుడు దగ్గరికొచ్చి దూరమైంది. ఈవిడ ఊరుకుంటే సాయంత్రానికి ఓడెల్ మెడకి ఉచ్చు బిగుస్తుంది. అయినా ఇంతకంటే బలవంతపెట్టడానికి ఐడాలియాకి మనసొప్పలేదు. లేచి నిలబడింది.

"విశ్రాంతి తీసుకోండి. మీకు నిబ్బరం వచ్చాక లాయరుని పెట్టుకుని మాట్లాడుదురుగాని. బీచి గురించి మీరేం బెంగపడకండి, అంతా మామూలుగానే ఉంది. మధ్యాహ్నం మళ్ళీ తెరిచారు."

కారిన్ కళ్ళు తెరిచింది.

"తెరిచారా?"

"రెండు ఎర్రజెండాలూ దించి పచ్చజెండా కట్టారు. సంచి తీసేశాం కదా, ఇక భయం లేదన్నాడు బ్రైస్. తెరవమని హోటళ్ళవాళ్ళు కూడా అతన్ని ఊపిరాడనివ్వలేదు."

"వారం రోజులు మూస్తారనుకున్నాను," అంది కారిన్. ఎడమచేత్తో మంచం ఊచ పట్టుకుని లేవబోయింది. గొట్టాలు లాగాయి. ఐడాలియా ఆవిడ భుజం పట్టుకుంది. "ఎప్పుడూ వారం మూస్తారు. కరిస్తే వారం. ఐడాలియా, నేనే కట్టాను. విను. నేనే కట్టాను, ఓడెల్ కాదు, రాసుకో. సొరలొస్తే నా బాల్కనీలోంచి డ్రోన్ ఎగరేసి ఫోటో తీద్దామనుకున్నాను, సభలో చూపిద్దామని. ఆ వేళకి నీళ్ళలో ఎవరూ ఉండరు. ఎవరికీ ఏమీ కాకూడదనే ఆ వేళ ఎంచుకున్నాను. గంటకో రెండు గంటలకో వస్తాయనుకున్నాను. ముడి వేస్తుండగానే వచ్చేసింది."

"సరే కోచ్. చెప్పేశారు. పడుకోండి."

"అది కాదు. బ్రైస్ తీసింది ఉత్తరపు బోయాది." ఆవిడ ఎడమచెయ్యి ఐడాలియా మణికట్టుని గట్టిగా పట్టుకుంది. "ఫోటోలో రెండుచోట్లా కనిపించాలని రెండు సంచులు తెచ్చాను. దక్షిణపు బోయాకి ముందే కట్టేశాను. అది ఇంకా అక్కడే ఉంది."

ఐడాలియా నడవలోకి పరిగెడుతూనే ఫోన్ కలిపింది. నాలుగోసారి మోగాక బ్రైస్ ఎత్తాడు. వెనక కెరటాల హోరు, పిల్లల కేరింతలు.

"ఒప్పుకుందా?" అన్నాడు నీరసంగా.

"బ్రైస్, దక్షిణపు బోయాకి ఇంకో సంచి ఉంది. నిన్నటి నుంచి ఉంది. నీళ్ళలో ఉన్నవాళ్ళని బయటికి లాగు."

"లోతు తక్కువని ఈత పాఠాల పిల్లల్ని అటే పంపించాను," అన్నాడు బ్రైస్.

ఫోన్ ఇసుకలో పడిన చప్పుడయింది. తర్వాత అతని ఈల. పరిగెడుతున్నవాడి ఊపిరికి తగ్గట్టు తెగి తెగి మోగుతూ దూరమైపోతోంది. ఐడాలియా మెట్ల దగ్గర ఆగి ఫోన్‌ని చెవికి అదుముకుంది. ఈల మోగుతూనే ఉంది. పిల్లల కేరింతలు మాత్రం అందరూ కూడబలుక్కున్నట్టు ఒక్కసారిగా ఆగిపోయాయి.